విట్లాక్ కొట్టు అటక

ఫ్రిస్కో,
ఆగస్టు 24

వసంతకి, మీ వదిన కృష్ణవేణి దీవించి రాసేది.

నీ చెవులెలా ఉన్నాయి? కొత్త మిషను పెట్టుకున్నాక హోరు తగ్గిందో లేదో రాయలేదు. మోకాళ్ళకి సూదులు వేయించుకుంటానన్నావు, వేయించుకున్నావా? శ్రీవిద్య మెడనొప్పి ఎలా ఉంది? నీ కూతురు నీ మాట వినదు, నా మాటగా చెప్పు, రోజంతా కంప్యూటర్ ముందు వంగి కూర్చోవద్దని. అల్లుడు జితేందర్‌కి షుగరు ఎంతుంటోంది? మనవడు వేదాంత్‌కి దగ్గు పోయిందా? పోయింది కదా అని స్విమ్మింగ్‌కి పంపేయకండి. మొన్న వాడు నీళ్ళల్లో దగ్గుతున్నట్టు కలొచ్చింది, అప్పట్నుంచీ నాకు మనసు మనసులో లేదు.

ఇక్కడ రేణు బాగానే ఉంది. నా కూతురని కాదు గానీ, ఆఫీసూ ఇల్లూ, మంచం మీద తండ్రీ, పక్కన నేనూ, ఎలా లాక్కొస్తోందో. దాని కూతురు ప్రణవి కాలేజీ నుంచి రాగానే తాతయ్య చెయ్యి పట్టుకుని కసరత్తు చేయిస్తుంది. ఉగాది ముందర పక్షవాతం వచ్చినప్పటికంటే మీ అన్నయ్య నయం. కూర్చుంటున్నారు. కుడి చెయ్యి ఇంకా లేవదు. మాట ఎప్పుడో ఒకటి వస్తుంది, మళ్ళీ పోతుంది. అన్నం నేనే పెడుతున్నాను. మింగేటప్పుడు పొలమారుతుందేమోనని ప్రతి ముద్దకీ నా ప్రాణం గొంతులోకి వస్తుంది.

ఇప్పుడు నా బెంగంతా బ్రిన్‌డేల్ ఊళ్ళో మా కొట్టు గురించి. ఆయనకి ఇంజినీరు ఉద్యోగం పోయిన ఏడు ఆ విట్లాక్ ముసలాయన దగ్గర హార్డ్‌వేర్ కొట్టు కొన్నారు కదా, కొట్టుతో పాటు అటకా వచ్చింది. ముసలాయన తండ్రి వందేళ్ళ కిందట తెప్పించి, అమ్ముడుపోక మిగిలిపోయిన సామానంతా అక్కడే. లాంతర్లు, కాఫీ గింజలు విసిరే మరలు, పోతఇనుము బాణళ్ళు, పొయ్యి మీద కాల్చుకునే ఇస్త్రీపెట్టెలు, చేపల గాలాలు, తోలు గ్లవ్‌లు, టెన్నిస్ బాట్లు. మీ అన్నయ్య ఒక్కటీ అమ్మలేదు. ఇప్పుడు ఆ బిల్డింగు అమ్మేశాం. ఏడాది చివరికి ఖాళీ చేసివ్వాలి. అటక సామాను విడిపోకుండా మొత్తం మ్యూజియంకి ఇచ్చి, ఒక గదిలో కొట్టులాగే పెట్టించాలని జబ్బు రాకముందే ఆయన మాట్లాడి పెట్టారు. వాళ్ళు వద్దంటే వేలం పాటవాడు వచ్చి కుప్పలుగా పట్టుకుపోతాడు, తలో వస్తువూ తలో దిక్కూ. ఆయనకి మిగిలిన కోరిక ఇదొక్కటే వసంతా. మ్యూజియం అన్న మాట వింటే చాలు, తల నా వైపు తిప్పుతారు.

ఆ మ్యూజియం ఆవిడ ఎలెనార్ వచ్చే నెలలో చూడ్డానికి వస్తుంది. అటక చూస్తే ఏమనుకుంటుంది చెప్పు! నలుపు, చిలుం, బూజు. దసరాకి కింద కొట్లో సుత్తులూ రంపాలూ కడిగి బొట్లు పెడితే నవ్వి ఊరుకునేవారు గానీ, అటక మెట్లెక్కితే మాత్రం "వేణీ, దిగు" అనేవారు. ఎందుకో ఎన్నడూ చెప్పలేదు. నేను ఏదైనా పగలగొడతాననేమో.

నువ్వొకసారి రావే. ఆయన్ని చూడ్డానికైనా.

వదిన


అల్ఫారెట్టా,
సెప్టెంబరు 4

వదినా,

మా ఇంట్లో ఎవరెవరికి ఏయే జబ్బులున్నాయో నీ ఉత్తరం చూసి తెలుసుకున్నాను. అందరం బాగున్నాం. వేదాంత్ స్విమ్మింగ్‌లో మెడల్ తెచ్చుకున్నాడు, దగ్గకుండానే. కొత్త మిషను పెట్టుకుంటే మైక్రోవేవ్ మోగడం వినపడుతుంది, మనుషులు వినపడరు. ఫోనులో నీ గొంతు రైలు వెళ్తున్నట్టుంటుంది. అందుకే కాగితం, కలం. నీ కోడిగీతలు చదవడానికి ఒక పూట పడుతుంది, నాకూ ఇంకేం పనుంది కనక.

ఆ అటక నాకు గుర్తుంది. నేను వచ్చినప్పుడు అన్నయ్య నన్ను పైకి తీసుకెళ్ళి ఒక్కొక్కటీ చేతికిచ్చాడు. మంచు మీద జారే స్కేట్లు కూడా ఉన్నాయి. "మంచే పడని టెక్సాస్‌లో ఇవి ఎందుకు తెప్పించాడన్నయ్యా ఆ మహానుభావుడు?" అన్నాను. "ఆశమ్మా, ఆశ" అన్నాడు. నా చెవులకి ఆ ఇంట్లో సరిగ్గా వినపడేది అన్నయ్య గొంతొక్కటే. ఆ గొంతుతో కొట్లో ఎవరైనా బేరం ఆడగలిగేవారా!

అన్నయ్య దిగమన్నాడంటే దిగు. ఆ బూజు ఆవిడే చూసుకుంటుంది. నువ్వు ఒక్క వస్తువు కూడా ముట్టుకోకు.

రావడానికి మోకాళ్ళు సహకరించడం లేదు. చూద్దాం.

వసంత


ఫ్రిస్కో,
సెప్టెంబరు 19

వసంతా,

నీ ఉత్తరం అందింది. మ్యూజియం ఆవిడ వచ్చి చూసి వెళ్ళింది. ఆలోచించి చెబుతానంది. అంతా బాగానే ఉంది. ఇంకేం విశేషాలు లేవు.

ఒక్క మాట. ఇత్తడికి పోయిన నలుపు మళ్ళీ పట్టాలంటే ఎన్నాళ్ళు పడుతుందో జితేందర్‌ని కంప్యూటర్‌లో చూడమను. ఊరికే అడుగుతున్నాను.

వదిన


అల్ఫారెట్టా,
సెప్టెంబరు 27

వదినా,

నువ్వు ఎవరి ఆరోగ్యమూ అడగని ఉత్తరం నాకు పుట్టి బుద్ధెరిగాక ఇదే.

జితేందర్ చూశాడు. దానంతట అది పట్టాలంటే మన తరంలో కాదన్నాడు.

ఏం చేశావు?

వసంత


ఫ్రిస్కో,
అక్టోబరు 6

వసంతకి,

అందరూ బాగున్నారనే తలుస్తాను. అడిగే మొహం లేదు నాకు.

కడిగేశాను. నీ ఉత్తరం అందేటప్పటికే కడిగేశాను.

ప్రణవి పరీక్షకి చదువుకోవాలి, కాఫీ షాపులో కూర్చుంటానని నన్ను కొట్టు దగ్గర దింపి వెళ్ళింది. ముందు చీపురుతో బూజు దులుపుదామనే ఎక్కాను. ఒక లాంతరు చేతిలోకి తీసుకుంటే చెయ్యి నల్లగా అయింది. పరాయి ఆడమనిషి, చదువుకున్నది, మన కొట్టు చూడ్డానికి వస్తుంటే ఇంత మురికి ఎలా పెట్టను? కింద కొట్లో దేవుడి సామాను తోమడానికని రేణు ఇంటి నుంచి చింతపండు తెచ్చుకున్నాను, అదే నానబెట్టాను. ఒక్కసారి రుద్దితే బంగారంలా వచ్చింది. ఇంక ఆగలేదు వసంతా. లాంతర్లు, త్రాసులు, తాళాలు, గాలాల చక్రాలు, అందినవన్నీ కిందకి దింపి తోమాను. బాణళ్ళూ ఇస్త్రీపెట్టెలూ కూడా తోమి, బోర్లించి, పసుపూ కుంకుమా పెట్టాను. ఎన్నేళ్ళ తర్వాతో నా చేతులతో నేను ఏదో చేశానని ఎంత సంతోషించానో చెప్పలేను. ప్రణవి వచ్చి "అమ్మమ్మా! ఎంత షైనీగా ఉన్నాయి!" అని ఫోటోలు కూడా తీసింది.

మర్నాడు ఎలెనార్ వచ్చింది. మేం వెళ్ళేసరికి ఇనుమంతా ఎర్రగా తుప్పెక్కి కూర్చుంది. ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. తర్వాత వంగి ఒక లాంతరు తీసుకుని, చంటిబిడ్డని పట్టుకున్నట్టు పట్టుకుని, ప్రణవితో ఏదో అంది.

"ఏమంటోందే?" అన్నాను.

"ఏం లేదు అమ్మమ్మా."

"ఏం లేకపోతే నీ మొహం అలా ఎందుకైంది?"

"ఆవిడ చెప్తుంది, అది డర్ట్ కాదు అని. అది దాని ఏజ్. ఏజ్ ఇంక వాష్ అయిపోయింది. మళ్ళీ పెట్టలేరు."

"పోనీ నేను నూనె రాస్తానని చెప్పు. మసి పూస్తానని చెప్పు."

"అమ్మమ్మా, ప్లీజ్."

అదొక్కటే కాదు. ప్రతి వస్తువుకీ దారంతో చిన్న అట్టముక్క కట్టి ఉండేది, గుర్తుందా? విట్లాక్ తండ్రి సొంత చేత్తో రాసిన పేర్లూ ధరలూనట. అవి నీళ్ళల్లో నానిపోయి చేతికి అంటుకుంటుంటే ఊడ్చి చెత్తలో వేశాను. ఎలెనార్ అవి ఎక్కడున్నాయని అడిగింది. చెత్తబండి వచ్చి వెళ్ళిపోయిందని ప్రణవి చెప్పింది. అప్పుడు ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసింది. తిట్టినా బాగుండేది.

మొన్న కబురు పంపింది. నేను కడగనివి, అంటే నాకందని పై అరల్లో ఉన్న తోలువీ చెక్కవీ తీసుకుంటారు. గ్లవ్‌లు, బాట్లు, బంతులు. నేను ముట్టుకున్నవేవీ వద్దట. విట్లాక్ తండ్రి వదిలి వెళ్ళినట్టే చూపించాలట. తక్కినవి వేలం పాటవాడికి ఇచ్చుకోవచ్చని చెప్పింది.

మీ అన్నయ్యకి చెప్పలేదు. రేణు కూడా చెప్పొద్దంటోంది, బి.పి. పెరుగుతుందని డాక్టరు అన్నాడట. ఆయన రోజూ నా వైపు చూసి "మ్యూ..." అంటారు. మిగతా మాట రాదు. నేను తలూపుతాను. ఎన్నాళ్ళని ఊపను వసంతా?

వదిన


అల్ఫారెట్టా,
అక్టోబరు 13

వదినా,

నీ ఉత్తరం చదివి మడిచి అవతల పెట్టేశాను. ఇవాళ మళ్ళీ తీశాను.

నాకు కోపం వచ్చింది. దాచను. ముట్టుకోకని అంత గట్టిగా రాశానే! అన్నయ్య ఆ అటకని ఎలా చూసుకున్నాడో నువ్వు రోజూ చూశావు. ఎండ తగులుతుందని కిటికీకి గుడ్డ కట్టాడు. అదంతా వదిలేసి, ఎవరో వస్తున్నారని, మన పరువు పోతుందని తోమి కూర్చున్నావు. నువ్వంతే. నా పెళ్ళిలో మగపెళ్ళివారు చూస్తారని మా అమ్మ వంటింటి గోడలు కూడా కడిగిన మనిషివి.

అయినా నీ చేతులు నాకు తెలుసు. ఆ చేతులకి ఏదైనా ప్రేమగా చేయడం అంటే తోమడమే. అన్నయ్యకీ తెలుసు.

కానీ చెప్పకపోవడం మాత్రం తప్పు. ఆయనకి చెయ్యి పడిపోయింది, మాట పడిపోయింది, బుర్ర పడిపోలేదు. ఇది ఆయన సామాను. ఏం చేయాలో ఆయన చెప్పాలి. రేణు వద్దంటే నా పేరు చెప్పు, అత్తయ్య చెప్పమందని.

ఇంకొకటి. నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి. మొన్న ఫ్లోరిడా కూడా వెళ్ళొచ్చాను. నాకు వినపడదు, అన్నయ్యకి మాట రాదు, ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని ఏం చేస్తాం వదినా? నాకు వినపడే ఒక్క గొంతూ పోయిందని నా కళ్ళతో చూడాలని లేదు. అందుకే రాలేదు.

నేను నిజం చెప్పాను. నువ్వు వెళ్ళి చెప్పు.

వసంత


ఫ్రిస్కో,
అక్టోబరు 24

వసంతా,

చెప్పాను.

మాటలతో మొదలుపెడితే ఏడుస్తానని ఒక లాంతరు తెప్పించి ఆయన ఒళ్ళో పెట్టాను. ముందు ఆనవాలు పట్టలేదు. కొత్తది ఎవరో కొన్నారనుకున్నారేమో, రేణు వైపు చూసి నవ్వారు కూడా. తర్వాత ఎడమ చేత్తో తిప్పి అడుగు చూశారు. పిడి దగ్గరికి వేలు పోనిచ్చి, ఆ అట్టముక్క కట్టి ఉండే చోట తడిమారు. అక్కడ లేదు. చుట్టూ తడిమారు. మళ్ళీ అక్కడికే వచ్చింది వేలు.

"నేనే. నేనే కడిగేశాను. అన్నీ. మ్యూజియం వాళ్ళు సగం వద్దన్నారు" అన్నాను.

ఆయన నన్ను చూశారు. ఎంతసేపో చూడలేదు. మొహం గోడవైపు తిప్పుకున్నారు.

బి.పి. పెరగలేదు. దాంతో నాకు ఇంకా భయం వేసింది. అప్పట్నుంచీ నా చేతి ముద్ద నోట్లోకి రానివ్వడం లేదు. రేణు పెడితే తింటారు. నేను ఆ గదిలోకి వెళ్ళి బట్టలు మడత పెట్టినట్టు నటించి వచ్చేస్తున్నాను. వేలం పాటవాడు రోజూ ఫోను చేస్తున్నాడు.

చెప్పమన్నావు, చెప్పాను. ఇప్పుడేం చేయను?

వదిన


అల్ఫారెట్టా,
అక్టోబరు 30

వదినా,

ఏమీ చేయకు. ముద్ద మాత్రం కలిపి తీసుకెళ్తూనే ఉండు. తినకపోతే తీసుకొచ్చెయ్యి.

వేలం పాటవాడికి ఆయన చెప్పేదాకా ఆగమను.

నేను వస్తాను. అన్నయ్య మొహం గోడకి తిప్పుకుంటే గోడవైపు కుర్చీ వేసుకుని కూర్చుంటాను. శ్రీవిద్యకి సెలవు దొరకాలి, అదొక్కటే. ఎప్పుడు రమ్మంటావో నువ్వే చెప్పు.

వసంత


ఫ్రిస్కో,
నవంబరు 8

వసంతకి, మీ వదిన దీవించి రాసేది.

నీ చెవులెలా ఉన్నాయి? చలి మొదలైంది, దూది పెట్టుకుంటున్నావా? శ్రీవిద్య మెడ? జితేందర్ షుగరు? వేదాంత్?

నువ్వు చెప్పినట్టే ముద్ద కలిపి తీసుకెళ్తున్నాను, వెనక్కి తెస్తున్నాను. నాగుల చవితి వెళ్ళాక ఒకరోజు ప్రణవి కసరత్తు చేయిస్తుంటే ఆయన దాని ఫోను చూపించి "ఫో... ఫో..." అన్నారట. ఎవరికో ఫోను చేయాలేమో అనుకుంది పిచ్చిది. అందరి పేర్లూ అడిగింది. కాదు కాదని తలూపారు. చివరికి నేను తోమిన రోజు అది తీసిన ఫోటోలు కనబడగానే చెయ్యి పట్టేసుకున్నారు. ఒక్కొక్కటే చూశారు. కాఫీ మర రాగానే ఆపి, ఎడమ చేత్తో కాగితం మీద రొట్టెలాంటిది ఏదో గీశారు. ప్రణవికి అర్థం కాక నన్ను పిలిచింది, నాకైంది. "బేకరీ డోరిస్" అన్నాను. ఆయన అవునన్నట్టు కళ్ళు మూసి తెరిచారు.

డోరిస్ ఆ మర అమ్మమని ప్రతి క్రిస్మస్‌కీ వచ్చి అడిగేది వసంతా. అమ్మకానికి కాదని పంపేసేవారు. అలా ఊళ్ళో ఎందరో. ఎవరు ఏది అడిగి లేదనిపించుకున్నారో ఈయనకి అంతా గుర్తుంది. గాలం చక్రం స్కూల్లో ఆటలు నేర్పే ఆయనకి. పెద్ద బాణలి ఆ చర్చి పక్కనుండే ఆవిడకి. త్రాసు మందుల షాపు వాళ్ళకి. నేను పేర్లు చెబుతుంటే, సరైనదానికి కళ్ళు మూస్తున్నారు. కొందరు పోయారు. పోయారని నేనే చెప్పాల్సి వచ్చింది. వాళ్ళ పిల్లలకి అన్నట్టు చెయ్యి కిందకి చూపించారు.

"వేలం పాటవాడికి వద్దా?" అన్నాను.

"వాడనీ" అన్నారు. స్పష్టంగా అన్నారు. "వాళ్ళని... వాడనీ."

అన్నీ కలిసి ఉండాలన్న ఆయన కోరిక నా వల్ల పోయింది. అది పోయినట్టే. మ్యూజియం వాన్ మొన్న వచ్చి తోలువీ చెక్కవీ తీసుకెళ్ళింది. కానీ ఆ సాయంత్రం పెరుగన్నం తీసుకెళ్తే, గోడవైపే చూస్తూ నోరు తెరిచారు. నేను పెట్టాను. పొలమారలేదు.

ఆయన స్వయంగా ఉండి అందరికీ ఇవ్వాలట, చక్రాల కుర్చీలో అయినా. రేణు కేలండర్ చూపిస్తే వేలు శనివారం మీద పెట్టారు. ఊళ్ళో అందరికీ తీరిక ఆ రోజేనట. శనివారం ఇనుము చేతులు మారడమా! ఆదివారం చేద్దామని బతిమాలాను. వేలు తీయలేదు. గుళ్ళో పూజారిని అడిగాను, ఇచ్చేవాళ్ళకి మంచిదే అన్నాడు. మరి పుచ్చుకునేవాళ్ళకో? డోరిస్‌కి అసలే గుండె జబ్బు. "వాళ్ళకి శనంటే ఎవరో తెలీదమ్మా, ఆయనకీ వాళ్ళెవరో తెలీదు" అంది రేణు. వేళాకోళం. అయినా ఒక్కొక్కరి పేరునా నువ్వుల నూనె దీపం పెడతాను, నా భయం నాది.

ఇనుముకి తుప్పు వదిలించి నూనె పట్టించడం ఎలాగో ఎలెనార్‌ని అడిగి నేర్చుకున్నాను. ఈసారి అడిగాకే ముట్టుకున్నాను.

నువ్వు వస్తావని ఆయనకి చెప్పాను. చెప్పులు తెమ్మని చూపించారు, ఇప్పుడే కాదు అంటే కూడా వినలేదు. మాట లేకపోతే ఏమైందే, ఆయన పక్కన నిలబడి ఒక్కొక్కటీ అందివ్వడానికి నాకు ఇంకో చెయ్యి కావాలి. స్కేట్లు కూడా నేను తోమినవేనని ఎలెనార్ తీసుకోలేదు. వాటి దగ్గర మాత్రం ఏ పేరుకీ కళ్ళు మూయలేదు, అవి నీకేనేమో అడుగు.

శ్రీవిద్యకి శుక్రవారం సెలవు దొరికిందని రేణుకి మెసేజీ పెట్టిందట. ఆ రోజు విదియ, ప్రయాణానికి పనికొస్తుంది. విమానంలో చెవుల్లో దూది మర్చిపోకు. నవంబరు 21 శుక్రవారం సాయంత్రం ప్రణవి డాలస్ ఎయిర్‌పోర్టులో ఉంటుంది. 22 శనివారం పొద్దున అందరం బ్రిన్‌డేల్ వెళ్తున్నాం.